కుచ్చులరాణి నోరు ఎవరు చూశారు?

అనగా అనగా ఒక గాజు రాజ్యం. నాలుగు పక్కలా నాలుగు గోడలు, నాలుగూ గాజువే. నేలంతా గులకరాళ్ళు, ఒక మూల పగిలిన కుండ, ఆకాశానికి ఒక చిన్న దీపం. నవ్వకండర్రా, చేపలకి అది చాలు!

ఆ రాజ్యం చీరల వర్తకుడు గంగిశెట్టిగారి నడవాలో, బల్ల మీద ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. గుమ్మం అవతల కొట్లో ఇంకో గాజు తొట్టి ఉంది. అది పెద్దది, ఎత్తయినది. దాని పని తర్వాత పడుతుంది, గుర్తుంచుకోండి.

నడవాలోని తొట్టికి రాణి ఒక ఏంజెల్ చేప. పలకలాంటి పల్చటి ఒళ్ళు, పైకీ కిందికీ పొడుగాటి రెక్కలు. చీర కొంగుకి కుచ్చులు వేలాడినట్టు ఆ రెక్కలు వేలాడుతుంటే గంగిశెట్టిగారి భార్య నాంచారమ్మ ముచ్చటపడిపోయి కుచ్చులరాణి అని పేరు పెట్టింది. వచ్చిననాడు రాణి రూపాయి బిళ్ళంత ఉండేది.

ఆ రోజే, రాణితోపాటే వచ్చాయి నియాన్ చేపలు. ఒంటి మీద నీలం గీత, తోక దగ్గర ఎరుపు, ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత. వాటిలోకెల్లా చిన్నవాడు చిట్టిమిణుగు. గాలి గొట్టంలోంచి బుడగలు భళుక్కుమంటే చాలు, బెదిరిపోయి రాణి రెక్క కింద దూరేవాడు.

“నేనున్నానుగా తమ్ముడూ!” అనేది రాణి. వాడంటే రాణికి పంచప్రాణాలు.

ఆ తొట్టికి ఒక ఆచారం ఉంది. కొత్త చేప ఏది వచ్చినా నాంచారమ్మ దాన్ని తిన్నగా నీళ్ళలో వదిలేది కాదు. సంచి మూతి కట్టి, సంచితో సహా నీళ్ళ మీద తేలనిచ్చేది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్క వేడికి రావాలి కదా! ఆ సంచి తేలినంతసేపూ కుచ్చులరాణి దాని చుట్టూ ఠీవిగా తిరిగి మూడు ప్రశ్నలు వేసేది.

“ఏం తింటావు? ఎక్కడ పడుకుంటావు? ఏదీ, నోరు తెరువు!”

జవాబు నచ్చకపోతే ముక్కుతో సంచిని టకటకా పొడిచేది. అది చూసి నాంచారమ్మ, “మా రాణికి ఇష్టం లేదు” అని ఆ చేపని వెనక్కి పంపేసేది. అంత గారాబం!

ఒకనాడు పులిచారల చేప వచ్చింది. ఒళ్ళంతా చారలు, మాటల నిండా తేనె.

“అబ్బబ్బ, ఏం రెక్కలమ్మా నీవి! గింజలు తింటాను, నీ నీడలో పడుకుంటాను. నా నోరా? ఇదిగో, ఇంతే!” అంది.

రాణి మురిసిపోయి ఆ నోరు సరిగ్గా చూడటమే మరిచింది. సంచి విప్పారు. పూట గడిచిందో లేదో, ఆ చారలది వెనక చేరి రాణి కుచ్చులు ఒక్కొక్కటే కొరికి తెంపడం మొదలుపెట్టింది. రాణి కుయ్యో మొర్రో అంటూ తొట్టంతా పరుగులు. నాంచారమ్మ లబోదిబోమంటూ వల తెచ్చి ఆ చేపని పట్టి బయటికి పంపింది. రాణికి బుద్ధొచ్చింది. ఇక మీదట పొగిడేవాళ్ళని అసలు నమ్మకూడదు అనుకుంది.

తర్వాత ఒక బంగారు చేప వచ్చింది. సంచిలోనే రొప్పుతూ, “ఇవేం నీళ్ళమ్మా తల్లీ, కాగుతున్నాయి! మేం చల్లటి నీళ్ళవాళ్ళం. ఏదైనా తింటాను, ఎంతైనా తింటాను గానీ ఈ వేడి మాత్రం నావల్ల కాదు” అంది. పాపం, ఉన్నమాటే చెప్పింది. రాణి సంచిని పొడిచింది, బంగారు చేప సంతోషంగా వెళ్ళిపోయింది.

మూడోసారి వచ్చినవాడు మీసాలప్ప. ముసలివాడు, నల్లటి ఒళ్ళు, మొహం నిండా ముళ్ళలాంటి మీసాలు. చూడగానే నియాన్లన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

“పాచి తింటాను. కుండలో పడుకుంటాను. నా నోరు కింద ఉంటుంది, వంగి చూసుకో” అన్నాడు. పొగడలేదు, బతిమాలలేదు.

రాణి వంగి చూసింది. గాజుకి అతుక్కునే గుండ్రటి నోరు. తప్పేమీ కనపడలేదు.

“సరే, రా” అంది.

“వస్తాను. అందరి నోళ్ళూ చూస్తున్నావు, బాగానే ఉంది. నీ నోరు ఎవరైనా చూశారా తల్లీ?”

తొట్టంతా ఘొల్లుమంది. రాణి నోరు చూడటమేమిటి! రాణికి మాత్రం నవ్వు రాలేదు. ‘ఎంత పొగరు వీడికి!’ అనుకుంది. ఆ మంట లోపల అలాగే ఉండిపోయింది.

కాలం గడిచింది. మీసాలప్ప పగలంతా పగిలిన కుండలో ఉండేవాడు, దీపం ఆరాక బయటికొచ్చి గోడల మీద పాచి గీక్కునేవాడు. నాంచారమ్మ పెట్టే తిండి తిని కుచ్చులరాణి నిగనిగలాడుతూ ఎదిగింది. నియాన్లు మాత్రం ఉన్నంతే ఉన్నాయి. వాటి ఒళ్ళు అంతే మరి!

ఒక ఉదయం చిట్టిమిణుగు ఏడుస్తూ వచ్చాడు.

“అక్కా, మావాడొకడు కనపడటం లేదు!”

ఆకుల్లో వెతికారు, గొట్టం వెనక వెతికారు. ఎక్కడా లేడు. నాంచారమ్మ గింజలు చల్లింది, రాణి ఒక్కటీ ముట్టలేదు. “బెంగతో రాణికి ఆకలి చచ్చిపోయింది” అన్నారందరూ. నిజమే కాబోలు అనుకుంది రాణి కూడా.

ఆ దిగులు తీరకముందే ఇంకో ఉదయం ఇంకొకడు మాయం. ఆ రోజు కూడా రాణి గింజ ముట్టలేదు.

మీకేమైనా అనుమానం వచ్చిందా? వస్తే నోరు మూసుకుని కూర్చోండి, పక్కవాళ్ళకి చెప్పకండి. ఆ తొట్టిలో మాత్రం ఎవరికీ రాలేదు.

తొట్టిలో గుసగుసలు మొదలయ్యాయి. పగలు దాక్కునేదెవరు? దీపం ఆరాక తిరిగేదెవరు? ఆ మొహం చూడు, ఆ మీసాలు చూడు! నియాన్లు ఒక్క గుంపుగా బిగుసుకుపోయాయి, తిండి కూడా భయంభయంగా తిన్నాయి.

కుచ్చులరాణి కుండ ముందుకి వెళ్ళి గర్జించింది. “నోరు తెరువు!”

మీసాలప్ప బయటికొచ్చి, గాజుకి అతుక్కుని అందరికీ తన నోరు చూపించాడు. “పాచి గీకే నోరిది. ఇందులో మీవాడు ఎలా పడతాడు? చూసి చెప్పండి.”

ఎవరూ చూడలేదు. మొహాలు తిప్పుకున్నారు.

“నాది చూపించాను. తక్కినవాళ్ళవి ఎవరు చూస్తారు?” అన్నాడు మెల్లగా. ముసలాయన కుండలోకి వెళ్ళిపోయాడు.

గాజు అవతల గంగిశెట్టిగారు కూడా అదే తీర్పు చెప్పేశారు. “ఏమేవ్, ఆ నల్లటిది వచ్చినకాడినుంచే ఈ గొడవ. రేపు పొద్దున్నే వలతో తీసి వీధి కాలవలో పారెయ్.”

“అలాగేనండీ,” అంది నాంచారమ్మ.

వీధి కాలవ అంటే చావే. ఆ సంగతి తొట్టిలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ అయ్యో అనలేదు.

తెల్లవారబోతోంది. ఇంకా దీపం వెలగలేదు. కుచ్చులరాణి సగం నిద్రలో ఉంది, కడుపు కరకరలాడుతోంది. ఎదురుగా మసక నీళ్ళలో ఏదో పురుగులా చిన్నగా కదిలింది. రాణి ఒళ్ళు తనంతట తనే ముందుకి దూకింది. గబుక్కున నోరు తెరుచుకుంది, టక్కున మూసుకుంది.

నోటి లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. “అక్కా!”

వెంటనే ఊసేసింది. బయటపడ్డవాడు చిట్టిమిణుగు! నీలం గీత మీద పొలుసులు గీరుకుపోయాయి, వాడు గజగజ వణుకుతున్నాడు.

అప్పుడు రాణికి తెలిసింది. గింజలు ముట్టని ఆ ఉదయాలు గుర్తొచ్చాయి. అది బెంగ కాదు. కడుపు నిండి ఉండింది.

“నేనేనా? నేనేనా తమ్ముడూ?” అని కుమిలిపోయింది.

చిట్టిమిణుగు వణుకుతూనే అన్నాడు. “నేను చెప్పనక్కా. ఎవ్వరికీ చెప్పను. ఆయన్నెలాగూ తీసేస్తున్నారు కదా. మనం ఎప్పట్లాగే ఉందాం.”

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ మాట తీయగానే అనిపించింది. ముసలాయన పోతాడు, రాణి రాణిగానే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత తేలిక!

“అయితే రా, నా రెక్క కిందికి రా” అని పిలిచింది.

చిట్టిమిణుగు కదల్లేదు. రాలేకపోయాడు.

దీపం వెలిగింది. నాంచారమ్మ వల పట్టుకొచ్చింది. వల నీళ్ళలోకి దిగి కుండని తట్టింది. మీసాలప్ప లోపల గట్టిగా అతుక్కుపోయాడు. కుండ దొర్లింది. వల మళ్ళీ తట్టింది. “పట్టుకోండి! పట్టుకోండి!” అని చేపలన్నీ కేకలు.

“ఆగండి!” అని అరిచింది కుచ్చులరాణి. “తిన్నది ఆయన కాదు. నేను!”

తొట్టి మొత్తం నోరు వెళ్ళబెట్టింది. రాణి జరిగినదంతా చెప్పింది, దాచుకోలేదు. చేపలకి తెలిసింది సరే, గాజు అవతల ఉన్నావిడకి తెలిసేదెలా? వల ఆవిడ చేతిలో ఉంది!

రాణి వెళ్ళి ముక్కుతో వలని టకటకా పొడిచింది. “పక్కకి పోవే తల్లీ!” అని నాంచారమ్మ అదిలించింది. రాణి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పొడిచింది. ఈసారి నాంచారమ్మ విసుక్కుని వలతోనే రాణిని పక్కకి నెట్టింది. వల మీసాలప్ప తోకని అందుకోబోయింది. అంతే! రాణి తనే రివ్వున వలలోకి దూకి కూర్చుంది.

“ఇదేం పిచ్చే నీకు!” అంటూ నాంచారమ్మ వల పైకెత్తి, అరచేయి అడ్డం పెట్టింది. గాలికి ఉక్కిరిబిక్కిరై రాణి నోరు తెరిచింది. పూర్తిగా తెరిచింది.

నాంచారమ్మ ఆ నోరు చూసింది. తన అరచేతి నిండా పరుచుకున్న చేపని చూసింది. తొట్టిలో చిటికెన వేలి గోరంత చేపల్ని చూసింది.

“ఏవండీ, ఇలా రండి! ఇది రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తెచ్చాం. ఎంతయిందో చూడండి! ఈ నోట్లో ఆ పసివి పట్టవూ? రోజూ తిండి పెడుతున్నాను, ఎదిగిందన్న ధ్యాసే లేదు నాకు!”

గంగిశెట్టిగారి మొహం పాలిపోయింది. “అన్యాయంగా ఆ నల్లాయన్ని కాలవ పాలు చేసేవాళ్ళమే!”

నాంచారమ్మ రాణిని మళ్ళీ నీళ్ళలో వదిలి, సంచి తేవడానికి వెళ్ళింది. ఆ కాస్త వ్యవధిలో రాణి కుండ దగ్గరికి వెళ్ళి తల వంచింది.

“తాతా, తప్పయిపోయింది.”

మీసాలప్ప కుండలోంచి తల బయటపెట్టాడు. “నోరు పెరగడం తప్పు కాదు తల్లీ. నీ ఒళ్ళు అది. చూసుకోకపోవడమే తప్పు. ఇప్పుడు చూసుకున్నావు కదా, వెళ్ళిరా.”

కొట్లోని పెద్ద తొట్టి గుర్తుందా? ఆ నీళ్ళ మీద ఒక సంచి తేలింది. అందులో కుచ్చులరాణి. పెద్ద పెద్ద గౌరామి చేపలు, నెమ్మదస్తులు, చుట్టూ చేరాయి. వాళ్ళు ఇంకా ఏమీ అడగలేదు.

“ఏం తింటావని అడగకముందే నా నోరు చూడండి” అంది రాణి, నోరు తెరిచి. “ఇందులో పట్టేంత చిన్నవాళ్ళు మీలో ఉంటే చెప్పండి, నేను రాను.”

గౌరాములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఇంతవరకు ఏ చేపా తన నోరు తనంతట తను చూపించలేదు.

“మేమెవరమూ పట్టంలే అమ్మా, రా” అన్నాయి.

సంచి మూతి విప్పారు. రాణి మెల్లగా బయటికొచ్చి గాజు దగ్గరికి వెళ్ళింది. గుమ్మం అవతల, నడవాలోని తొట్టి గాజుకి ఒక నీలం గీత అతుక్కుని ఉంది. చిట్టిమిణుగు! వాడిప్పుడు వణకడం లేదు. అక్క కనిపించగానే తోక ఆడించాడు. రాణికి కన్నీళ్ళొచ్చాయి. నీళ్ళలో ఎవరికీ తెలియలేదు, మీకు చెబుతున్నాను. ఆనాటి నుంచి ప్రతి ఉదయం రెండు గాజుల మధ్య దూరంలోంచే ఒకరినొకరు చూసుకుంటూ వాళ్ళిద్దరూ చల్లగా బతికారు.

అందుకే, తోడు వెతుక్కునేవాళ్ళు ఎదుటివాళ్ళ నోరు చూసేముందు తమ నోరు ఎంతో కొలుచుకోవాలి. ఆ కొలత దాచకుండా చెప్పినవాళ్ళ పక్కనే చిన్నవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు.