గేదె వీపా, తాటిచెట్టా?

అదొక పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని నడుమ ఒక గడ్డి దిబ్బ. దిబ్బ మీద ఒకే ఒక్క తాటిచెట్టు, చుట్టూ జమ్ము పొదలు, ఆ పొదల్లో బాతుల గూళ్లు. దిబ్బకు ఆరు మైళ్ల అవతల సముద్రపు మొగ ఉంది, సముద్రానికీ సరస్సుకీ నడుమ ఇసుక కట్ట వేసినట్టు. పెద్ద గాలివాన వచ్చిందంటే ఆ మొగ తెగి సముద్రం లోపలికి పడుతుంది. పడిందా, దిబ్బ నిలువునా మునుగుతుంది. కాస్త ముందుగా తెలిస్తే మాత్రం భయం లేదు, లోతు లేని దారిన నడుచుకుంటూ ఒడ్డుకు చేరిపోవచ్చు.

ఆ ముందుగా తెలిపే పని సత్తెయ్యది. సత్తెయ్య ముసలి గద్ద. తాటిమట్ట మీద కూచుని మొగ వైపు చూస్తుంటాడు. అక్కడ నీళ్ల మీద తెల్లటి నురగ గీత కనబడగానే కేక పెడతాడు. పోయినసారి అందరూ ఒడ్డెక్కేదాకా చెట్టు దిగకుండా అరిచి, ఆ గాలికి ఒక రెక్క పాడుచేసుకున్నాడు. ఇప్పుడు పైకి చేరాలంటే సగం దూరం ఎగిరి, చెట్టుకు గోళ్లు గుచ్చి వేలాడి, ఆయాసం తీరాక మళ్లీ ఎగరాలి.

ఆ కేక విని బయటపడ్డవాళ్లలో నీలాలు అనే గేదె ఒకతె. అప్పుడామె నిండు చూలాలు. ఇప్పుడు కాళ్లకు అడ్డం పడే దూడను నాకుతూ రోజూ పొద్దున్నే తలెత్తి, "తాతా, వీడు నీ చలవేనయ్యా" అంటుంది. పైనుంచి సత్తెయ్య, "చాల్లే, నిన్న కూడా చెప్పావుగా" అంటాడు. అన్నా కాస్త రొమ్ము విరుచుకునే కూచుంటాడు.

జోగినాథం అనే నక్కకు మాత్రం ఆ చెట్టును చూస్తేనే ఒళ్లు మంట. బాతుగుడ్డంటే అతనికి ప్రాణం. జమ్ములో తలపెడితే చాలు, "జోగినాథం, అక్కడ నీకేం పనిరా?" అని పైనుంచి దిబ్బంతా వినబడేలా కేక వచ్చేది.

ఒకరోజు జోగినాథం అందర్నీ చెట్టు కింద పోగుచేశాడు.

"ఆ ముసలాయన్ని చూస్తే నాకు ముద్ద దిగట్లేదండీ. పాడైన రెక్కతో అంతెత్తున ఊగుతున్నాడు. ఎందుకూ? భూమి పళ్లెంలా చదునుగా ఉంది. చదునైన చోట కిందనుంచి కనబడనిది పైనుంచి ఎలా కనబడుతుంది? దించేద్దాం, పాపం!"

బుల్లెమ్మ అనే తాబేలు నీళ్లలోంచి తలెత్తింది. "చదునేంటయ్యా? నా కళ్లు నీటిమట్టానికే ఉంటాయి. నీలాలు మైలు దూరాన నీళ్ల అంచున నిలబడితే నాకు గిట్టలు కనబడవు. జానెడు మేర నీళ్ల వెనక దాక్కుంటుంది. మధ్యలో నీళ్లు ఉబ్బి ఉంటేనే కదా అలా అయ్యేది?"

నక్క వాదనకు దిగుతాడని అందరూ చెవులు రిక్కించారు. అతను దిగలేదు. టపటపా చెంపలు వేసుకున్నాడు.

"తప్పయిపోయింది పిన్నీ! భూమి గుండ్రమే, ఒప్పేసుకున్నాను. మైలుకి జానెడు వంపు. మొగ ఆరు మైళ్లు. అంటే ఆరు జానలు. మన నీలాలు వీపు ఎత్తెంత? సరిగ్గా ఆరు జానలు! తాతగారిని ఆ వీపు మీద కూచోబెడితే మొగా కనబడుతుంది, ఆయన ఒంటికీ సుఖం. ఇంతోటిదానికి తాటిచెట్టెందుకండీ?"

ఓడిపోయానని ఒప్పుకున్నవాడి మాట ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. బాతులు రెక్కలు టపటపలాడించాయి. కీళ్లు నొప్పులుగా ఉన్నాయేమో, సత్తెయ్య కూడా "అలాగే కానివ్వండర్రా" అని దిగి వచ్చాడు.

నీలాలుకు తాతను మోయడం బరువేం కాదు, పైగా సంతోషం. కాని సాయంత్రానికి రెండు బాతుల గూళ్లు ఖాళీ అయ్యాయి. వీపు మీద సత్తెయ్య నసుగుతున్నాడు. "నీళ్లూ ఆకాశమూ తప్ప ఏమీ కనబడట్లేదమ్మా. కళ్లు ముసలివైపోయాయి."

నిన్నటిదాకా నురగ గీతను పట్టుకున్న కళ్లు ఒక్క పూటలో ముసలివైపోతాయా? నీలాలు ఆ రాత్రి నెమరు కూడా సరిగ్గా వేయలేదు.

తెల్లారాక అందరి ముందూ అడిగింది. "జోగినాథం బావగారూ, మీ లెక్క నాకు సగమే బుర్రకెక్కింది. మూడు మైళ్ల అవతల ఇసుకమేట ఉంది కదా, నేను వెళ్లి దానిమీద నిలబడతాను. మీరు పిన్ని పక్కన గడ్డం నీళ్లకి ఆనించి చూడండి. మీ లెక్కన నాకు మూడు జానలే దాగాలి. కాళ్లు పోయినా కడుపూ వీపూ కనబడాలి, అంతేనా?"

"కనబడక ఏం చేస్తాయి!" అన్నాడు నక్క.

సత్తెయ్యను ఆ పూటకు మళ్లీ చెట్టెక్కమని చెప్పి, నీలాలు బయలుదేరింది. గాలి లేదు, నీళ్లు కదలకుండా ఉన్నాయి. మేట మీద గిట్టలు తడిసీ తడవకుండా నిలబడింది. ఆమె వెంట తిరిగే కొంగలు వచ్చి వీపు మీద బారులు తీరాయి. చాలాసేపు అలాగే నిలబడి, చేపల కోసం కొంగలు మేట మీదే ఆగిపోతే, ఒంటరిగా తిరిగొచ్చింది.

జోగినాథం ఎదురొచ్చాడు. "చెప్పానా! కాళ్లు మాత్రం దాగాయి. ఆ పైన నల్లగా నీ కడుపూ, వీపూ, కొమ్ములూ, అన్నీ కనబడ్డాయి!"

"నా వీపు మీద ఏమైనా కనబడిందా బావగారూ?"

నక్క కళ్లు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి. "నీ వీపు మీద ఏముంటుంది? నున్నగా మెరుస్తోంది."

"పిన్నీ, మరి నీకు?"

"నాకు నువ్వే కనబడలేదే అమ్మాయ్! రెండో మైలుకి కడుపు దాకా పోయావు. మూడో మైలుకి కొమ్ములు కూడా లేవు. మునిగిపోయావేమో, దూడకి ఏం చెప్పాలిరా దేవుడా అని నేనిక్కడ ఏడుస్తున్నాను."

చెట్టు మీంచి సత్తెయ్య పకపకా నవ్వాడు. "నాకు గిట్టలతో సహా కనబడ్డావమ్మా! వీపంతా కొంగలు, తెల్లదుప్పటి కప్పినట్టు!"

బాతులన్నీ ఒక్కసారిగా నక్క వైపు తిరిగాయి. బుల్లెమ్మ నెమ్మదిగా లెక్క తేల్చింది. "మైలుకి జానెడు. రెండు మైళ్లకి రెండు కాదు, నాలుగు. మూడింటికి మూడు కాదు, తొమ్మిది. ఒక్కో మైలుకీ ఒక్కో జాన కలుపుకుంటూ పోతే ఎలాగయ్యా? మైళ్లని మైళ్లతో హెచ్చించాలి."

బాతుపిల్లలు ఎక్కం అందుకున్నాయి. "రెండు రెళ్లు నాలుగు! మూడు మూళ్లు తొమ్మిది!" అంటూ పోయి పోయి, "ఆరు ఆర్లు ముప్పై ఆరు!" దగ్గర ఆగాయి. ముప్పై ఆరు జానలు. అందరి తలలూ తాటిచెట్టు పైకి లేచాయి.

"నాకీ ఎక్కాలేవీ రావర్రా. నురగ కనబడేదాకా పైకి జరిగి కూచున్నాను, అంతే," అన్నాడు సత్తెయ్య. తర్వాత మెడ సాచి, "జోగినాథం, నీ బొరియ వెనక ఆ గుడ్డు పెంకులేమిట్రా?" అన్నాడు.

ఆ పూట నక్క తోక దిబ్బ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో, వెనక ఎన్ని బాతులు తరిమాయో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఆకాశం కమ్ముకొచ్చింది. కాసేపటికి చెట్టు మీంచి కేక. "తెల్లగీత! మొగ తెగింది! కదలండి!"

బాతులు పిల్లల్ని తోలుకుంటూ కదిలాయి. నీలాలు దూడను ముందుకు నెట్టి, తాను చెట్టు కిందే ఆగింది. "నువ్వు దిగితే గాని నేను కదలను తాతా. రెండో రెక్క కూడా ఇస్తానంటే ఒప్పుకోను." సత్తెయ్య తిట్టుకుంటూనే దిగి ఆమె మెడ పట్టుకున్నాడు.

దూడ నడక మెల్లగా సాగింది. అయినా సరిపోయింది. చివరి బాతుపిల్ల ఒడ్డెక్కిన కాసేపటికి దిబ్బ కనబడకుండా పోయింది.

ఒక ముసలి బాతు, ఒళ్లంతా తడిసి వణుకుతున్న జోగినాథాన్ని అడిగింది. "ఏమయ్యా, వీపు మీంచి చూసుంటే నురగ ఎప్పుడు కనబడేది?"

నక్క ఈసారి సరిగ్గానే హెచ్చించాడు. "రెండున్నర మైళ్ల దగ్గరికి వచ్చాక."

అలా అయితే నీళ్లు వచ్చిపడేసరికి దూడ ఇంకా సగం దారిలోనే ఉండేది. నీలాలు మోకాళ్ల మీద వాలి, సత్తెయ్య కూచున్న రాయికి నుదురు ఆనించింది. "నా బిడ్డకి రెండుసార్లు ప్రాణం పోశావు తాతా. నీ రుణం తీర్చలేను, తీర్చుకోవాలనీ లేదు. ఇలా దణ్ణం పెట్టుకుంటూనే బతుకుతాను." సత్తెయ్య చాల్లే అనలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

జోగినాథం దిబ్బ మునిగిన వైపు తిరిగాడు. "నేనా వేళకి జమ్ములో ఉండేవాణ్ణి," అన్నాడు, "నోట్లో గుడ్డుతో." లేచి వచ్చి నీలాలు పక్కనే తల వంచాడు. అతన్ని ఎవరూ తరమలేదు.

నీతి: మనకోసం ఎత్తున కూచున్నవాణ్ణి దించమని ఎవరైనా లెక్క చెబితే, ముందు ఆ చెప్పేవాడి ఆకలి ఏమిటో చూడాలి.