నత్త పెళ్లికి కొంగ తొందర

మద్దిమడుగు అడవిలో బడి ఉంది, బడికి పంతుళ్లున్నారు, రేపోమాపో పంతుళ్లు కాబోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో సరదాకి పుస్తకం తెరిచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పాఠం చెప్పడానికి చదవడం, చెప్పాక మూసెయ్యడం. వంట చేసేవాడికి ఆకలి చచ్చిపోతుందంటారే, అచ్చం అలా ఉండేది వాళ్ల బతుకు. అది చూడలేక జంబుకేశ్వరి అనే నక్క టీచరమ్మ, శనివారం మధ్యాహ్నాలు వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద కథల కూటం పెట్టింది.

నక్క పిలిచి కథ చదువుతానంటే ఎవరు నమ్ముతారు? టీచరు శిక్షణలో ఉన్న కుందేలు చెవులమ్మ మొదట్లో పారిపోవడానికి వీలుగా నిలబడే వినేది. తర్వాత కాస్త ఎడంగా కూర్చుంది. ఒకనాడు కథ మంచి పట్టులో ఉండగా, ఒళ్లు మరిచి నక్క తోకమీదే తల ఆనించేసింది. జంబుకేశ్వరికి కళ్లు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక కుందేలు ఆమెను చూసి భయపడకపోవడం అదే మొదలు.

ఈ సంగతి హెడ్మాస్టరు ధవళయ్య చెవిన పడింది. ధవళయ్య కొంగ. వాగులో ఒంటికాలిమీద జపం చేస్తూనే బడి నడుపుతాడు.

"సరదాకి చదవడమేంటమ్మా? పేజీకి అయిదు ప్రశ్నలుండాలి, చివర నీతి ఉండాలి. తప్పు చెప్పినవాళ్లు గుంజీలు తియ్యాలి."

"అందరూ టీచర్లే కదండీ సార్..."

"మరీ మంచిది. గుంజీలు ఎలా తీయాలో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు."

ఇంకేముంది, కూటం పలచబడింది. ఎద్దు మాస్టారికి నడుం నొప్పొచ్చింది. ఉడుతకి ఊరెళ్లే పని పడింది. చెవులమ్మ వచ్చింది గానీ, దూరంగా కూర్చుంది.

"ఏమే, ఇలా రావేం?"

"ఏం రాను టీచరమ్మా? మీరు చదువుతుంటే కథ చెవికెక్కడం లేదు, ఏం అడుగుతారో అని గుండె దడ. ఆయనకి చెలగాటం, మాకు ప్రాణసంకటం!"

తప్పకుండా వచ్చేది మేక ముత్తెమ్మ ఒక్కతే. ఆవిడకి పుస్తకం మీదున్న ప్రేమ వేరు.

"వచ్చే వారం కూడా ఎవరూ సరైన జవాబు చెప్పకపోతే కూటం ఎత్తేసి, ఆ నీడలో అందరిచేతా కాపీ రాయిస్తా" అన్నాడు ధవళయ్య.

కూటం పోతే ఎలాగని జంబుకేశ్వరి ఆయన దగ్గరికే వెళ్లింది. నక్క వినయం ఎక్కడికి పోతుంది? వంగి వంగి నిలబడి, "జవాబులెలా చెప్పాలో మాకు తెలియడం లేదు సార్. ఈసారి ప్రశ్నలు నేను వేస్తాను, తమరు జవాబు చెప్పి చూపిద్దురూ" అంది.

"అంతగా అడుగుతున్నావు గనక" అని కొంగ మెడ సాచాడు.

హెడ్మాస్టరు జవాబులు చెప్పే వింత చూద్దామని అడవంతా దిగింది. ఎద్దు నడుమూ, ఉడుత ఊరి పనీ ఆ పూటకి సర్దుకున్నాయి. ధవళయ్య వాగులోనే నిలబడ్డాడు. కథ కథే, చేప చేపే!

జంబుకేశ్వరి చదవసాగింది. ఒక నత్త పెళ్లికి బయల్దేరింది. పెళ్లికొడుకు తనే. పెళ్లిపందిరి వాగు అవతల, ముహూర్తం ముంచుకొస్తోంది, "పెళ్లికొడుకేడీ?" అని కప్ప పురోహితుడు గొంతు చించుకుంటున్నాడు. నత్త కొబ్బరిచిప్ప ఎక్కింది. తీరా నడివాగులో చూసుకుంటే చిప్పకి చిల్లు!

"అయ్యయ్యో!" అన్నాడు ధవళయ్య. రోజూ నత్తల్ని గుటుక్కుమనిపించే ఆ ముక్కు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఎత్తిన కాలు ఎప్పుడు దించాడో ఆయనకే తెలియదు. ఒక బొమ్మిడాయి చేప ఆ కాళ్ల సందులోంచే నింపాదిగా వెళ్లిపోయింది.

జంబుకేశ్వరి పుస్తకం మూసేసింది. "ప్రశ్నల వేళయింది సార్. చిప్ప ఏ రంగులో ఉంది?"

"రంగెవడిక్కావాలి! మునిగిందా, తేలిందా?"

"పోనీ, పురోహితుడు ఎన్నిసార్లు అరిచాడు?"

"వాడి అరుపులు వాగులో కలవనీ! అవతల పిల్లాడు మునిగిపోతుంటే ప్రశ్నలేంటమ్మా నీకు?"

"తప్పు చెబితే గుంజీలండీ" అంది చెవులమ్మ, ఎక్కడలేని ధైర్యమూ తెచ్చుకుని.

తను పెట్టిన రూలు, తప్పుతుందా? మోకాళ్లు వెనక్కి మడిచే కొంగ గుంజీలు తీస్తుంటే ఎద్దు మాస్టారు పొర్లి పొర్లి నవ్వాడు.

"తల్లీ, ఈ చెట్టుకింద ఇక ప్రశ్నలన్న మాట ఎత్తితే ఒట్టు. చదువు, ముహూర్తం దాటిపోతోంది!" అన్నాడు ధవళయ్య రొప్పుతూ.

జంబుకేశ్వరి పేజీ తిప్పింది. తర్వాత పేజీ లేదు. అందరూ ఒక్కసారిగా ముత్తెమ్మ వైపు చూశారు.

"అట్ట చప్పిడి గానీ, ఆఖరి పేజీ అమృతం సార్" అంది ముత్తెమ్మ మూతి నాక్కుంటూ.

"ఇంతకీ పెళ్లయిందా?"

"తిన్నానే గానీ చదవలేదండీ."

ఇప్పుడు చెవులమ్మ మళ్లీ నక్క తోకమీద తలపెట్టుకునే కథలు వింటోంది. ధవళయ్య అందరికంటే ముందే వచ్చి మేక పక్కన చోటు పట్టుకుంటున్నాడు. ఆవిడ దవడ కదిలితే చాలు, మెడ వంచి అడుగుతాడు.

"నెమరుకొచ్చిందా అమ్మా? మనవాడు ఒడ్డుకి చేరాడా?"

నీతి: తిననివ్వకుండానే అరిగిందా అని అడగకూడదు.