మేమా, మనమా?

ఏ రాజ్యమని అడక్కండి, చాలా రాజ్యాలకి సరిపోయే కథ ఇది. ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. తనంతటి రాజనీతిజ్ఞుడు లేడని ఆయన నమ్మకం. ఆరు నెలలు తల పట్టుకు కూర్చుని, తన రాజనీతి మొత్తాన్ని ఒక్క ముక్కలో తేల్చాడు: "మేమే రాజ్యం."

"మేము" అంటే ఎవరనుకున్నారు? ఆయన ఒక్కడే! రాజులు తమని తాము అలాగే అనుకుంటారు లెండి.

ఆ ముక్కని ఊరంతా చాటమని దండోరా వేసే ఓబులేసుకి ఆజ్ఞ అయింది. పాపం, ముప్పై ఏళ్ళుగా "మన కాలవకి గండి పడిందహో", "మన రాణిగారు ప్రసవించారహో" అని చాటిన నోరది. డప్పు మీద దెబ్బ పడేసరికి అలవాటుగా వచ్చేసింది: "వినండహో! మనమే రాజ్యమహో!"

జనం ఈలలు వేశారు. సాయంత్రానికల్లా ఓబులేసు చేతులకి సంకెళ్ళు పడ్డాయి.

మర్నాడు సభలో రాజు మండిపడ్డాడు. "మా రాజనీతిని మంటగలిపాడు! వీడి నాలుక కోసేయండి!"

ఓబులేసు భార్య ఎల్లమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఆ నోరే మాకు కూడు పెడుతోంది మారాజా!" అని గోలుగోలున ఏడ్చింది. మంత్రులు నేలచూపులు చూశారు. అప్పుడు లేచాడు తిప్పన, రాజుగారిని నవ్వించి బతికే విదూషకుడు.

"కోయించాల్సిందే ప్రభూ. కాకపోతే ముందు ఆ నాలుకతోనే తప్పు దిద్దించండి. లేకపోతే ఊళ్ళో తప్పే మిగిలిపోతుంది."

రాజుకి ఆ మాట నచ్చింది. "చెప్పరా! ఒక్క అక్షరం మార్చావో, చూసుకో!"

ఓబులేసు సింహాసనం కేసి చూసి, గొంతెత్తి అరిచాడు: "మేమే రాజ్యమహో!"

తిప్పన చెవులు మూసుకున్నాడు. "శివశివా! మీరే రాజ్యమట్రా? మరి ఎదురుగా ఉన్న ప్రభువులవారో?"

రాజు ఉలిక్కిపడ్డాడు. నిజమే కదా! ఓబులేసు నోట "మేము" అంటే వాడూ, వాడి వాళ్ళూను. వింటున్నవాడికి అందులో చోటెక్కడిది?

"వద్దొద్దు! ఆ మాట అనకు!" అన్నాడు రాజు కంగారుగా.

"నిన్న తమరన్నది అన్నట్టే చాటి ఉంటే, తెల్లారేసరికి తమరికి రాజ్యమే లేకపోయేది ప్రభూ" అన్నాడు తిప్పన. " 'మనం' అన్నాడు కాబట్టి తమరికీ ఇంత చోటు దక్కింది!"

రాజు మీసం దువ్వబోయి ఆగిపోయాడు. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆరు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకీ సంగతి తట్టలేదురా తిప్పా!"

హమ్మయ్య! సభకి ఊపిరొచ్చింది. సంకెళ్ళు ఊడదీశారు. "బతికించావు తండ్రీ" అని ఎల్లమ్మ తిప్పనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

రాజు తిప్పన కోసం బంగారు కడియం తెప్పించాడు. "ఇంద, ఇది మా ఖజానా... కాదు కాదు, మన ఖజానాలోది."

"మనదే అయితే రెండు తీసుకుంటాను ప్రభూ!"

రాజు పగలబడి నవ్వి రెండోదీ ఇప్పించాడు. తిప్పన దాన్ని తీసుకెళ్ళి, నిన్న సంకెల పడిన ఓబులేసు చేతికి తొడిగాడు.