చెరపని బొట్టు

అనగనగా ఒక పెద్దాయన కడుపులో, పెద్దపేగు గోడ మీద ఒక ఊరు ఉండేదమ్మా. కంటికి ఆననంత చిన్న చిన్న ఇళ్ళు. ఒక్కో ఇల్లు నాలుగైదు రోజులే నిలిచేది. అది పడిపోతే ఆ చోట ఇంకోటి కట్టాలి. దేవుడు ఆ ఊరికి అప్పజెప్పిన పని అదే.

అందులో ఒకింట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె నాంచారమ్మ గడపలో కూర్చునేది. "ఇల్లు పడింది, కట్టండి" అని బయటినుంచి కబురొస్తే, లోపలివాళ్ళకి బొట్టు పెట్టి పనికి పిలిచేది. నుదుట బొట్టున్నంతసేపూ పని ఆపకూడదు, అది వాళ్ళ ఆచారం. డాక్టర్లు ఆవిణ్ణి టైరోసిన్ కైనేజ్ అంటారట. మనకు నాంచారమ్మే.

చిన్నామె పైడమ్మ. పని అయ్యాక తడిగుడ్డతో బొట్లు తుడిచి, "ఇక కూర్చోండి" అనడం ఆమె వంతు.

బొట్టు చెరిపే చెయ్యంటే ఎవరికిష్టం చెప్పు? "అదుగో చెరుపుడు పైడమ్మ! మొహాలు తిప్పుకోండర్రా" అని ఇంటిల్లిపాదీ ఎగతాళి. పైకి నవ్వేసేది గానీ, లోపల గుచ్చుకునేది.

ఒకనాడు నాంచారమ్మ చేతికి జబ్బు చేసింది. కబురూ లేదు కాకరకాయా లేదు, బొట్లు పెట్టేస్తూనే ఉంది. అక్కర్లేని ఇల్లొకటి లేచింది, పడాల్సిన ఇల్లూ పడలేదు. అప్పుడు పైడమ్మ గుడ్డ తడిపింది. "శుభమా అని పెట్టిన బొట్టు, ఆరకుండానే చెరుపుతావుటే?" అన్నారు ఇంట్లోవాళ్ళు. పోనీలే అని గుడ్డ దించేసింది.

ఆ తర్వాత పది ఇళ్ళు లేచాయి. కొత్త గడపల్లోనూ అలాంటి జబ్బు చేతులే. పైడమ్మ మళ్ళీ లేచింది. "ఇవాళ శుక్రవారం, తెలీదూ?" అన్నారు. నిజమే కదా అని కూర్చుంది. శుక్రవారం వెళ్ళిపోయింది. శనివారమూ ఆమె లేవలేదు.

అక్కడ పెద్దాయనకి విరేచనంలో నెత్తురు పడింది. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకున్నాడు. ఇంట్లో చెప్పుకోడానికి సిగ్గు.

మూడోసారి పైడమ్మ ఎవరి మాటా వినలేదు. కానీ ఒక బొట్టు తుడిచేలోపు పది బొట్లు. పేగు దారి సగం పూడిపోయింది. అప్పుడు పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోయగలిగినంత కోశారు. ఆ చేతుల్ని పట్టి ఆపే మందూ ఇచ్చారు. కొన్నాళ్ళు ఆగాయి కూడానూ. కానీ ఆ జబ్బు ఇళ్ళవాళ్ళు కొందరు అప్పటికే నెత్తురు దారిన పోయి, కాలేయంలో ఇళ్ళు కట్టేసుకున్నారు.

పైడమ్మ గడప దగ్గర కూలబడింది. "అక్కా, నన్ను తిట్టు" అంది.

"నిన్నెందుకే తిట్టడం? చెయ్యి నా మాట వినలేదు. మా పైడి ఉందిగా, చెరుపుతుందిలే అని నీకేసే చూస్తూ కూర్చున్నా" అంది నాంచారమ్మ.

పెద్దాయన ఆ ఏడు కార్తీకం చూడలేదమ్మా. ఆయనతోపాటే ఆ ఊరూ.

కథ మరలింది కంచికి,
మనం మరలాం ఇంటికి,
నిద్దుర రావే మెల్లగా
చిట్టితల్లి కంటికి.