ఆట మధ్యలో ఆగే తెర

మామూలు పనులకు ఏ ఇబ్బందీ లేదు. ఆట పెడితేనే తెర వణుకుతుంది. కాసేపటికి బొమ్మ బిగుసుకుపోతుంది, ఏ మీట నొక్కినా కదలదు. తహసీన్ లాప్‌టాప్‌కు పట్టిన జబ్బు ఇది. ఆ సాయంత్రమే రాష్ట్ర గేమింగ్ జట్టుకు ఎంపిక పోటీ. ఇంటి నుంచే ఆడాలి. మధ్యలో తెర ఆగితే ఓడినట్టే, ఇంకో అవకాశం ఉండదు.

బాగుచేస్తానని మాటిచ్చినవాడు ఆమె అన్న జుబేర్. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాడు. మళ్లీ పాతది వేశాడు. బొమ్మల నాణ్యత తగ్గించి చూశాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి ఒక అట్ట మీద ‘కంపెనీల దోపిడీ నశించాలి’ అని రాసుకుని, సర్వీస్ సెంటర్ ముందు కూర్చోవడానికి బయలుదేరాడు.

“నువ్వు అక్కడ కూర్చుంటే ఇక్కడ తెర నిలబడుతుందా భాయ్?” అంది తహసీన్. “పోనీ, హజ్రత్ దగ్గరికి పోదాం. దువా చేస్తారు.”

“కావలసింది దువా కాదు, ధర్నా.”

అన్నాడే గాని, లాప్‌టాప్, పనిముట్లు ఉన్న సంచి భుజాన వేసుకుని, చెల్లెలితో కలిసి గుట్ట కింద బుర్హాన్ షా ఉండే మఠం, ఖాన్‌ఖా వైపే నడిచాడు. ఆ సూఫీ పెద్దాయన అతని గురువు. ఆయనకు చెప్పకుండా ఏ పోరాటమూ మొదలుపెట్టడు.

బుర్హాన్ షా అరుగు మీద దానిమ్మకాయ ఒలుస్తున్నాడు.

లాప్‌టాప్ ఆట మధ్యలో బిగుసుకుపోయే తీరంతా చెప్పి, “ఇది జబ్బు కాదు హజ్రత్, కుట్ర” అన్నాడు జుబేర్. “త్వరగా చావాలనే తయారుచేస్తారు. మన అజ్ఞానమే వాళ్ల మార్కెట్. మన మౌనమే వాళ్ల లాభం. ప్రశ్నించని సమాజం...”

“పోటీ ఎప్పుడమ్మా?” అని బుర్హాన్ షా తహసీన్‌ను అడిగాడు.

“సాయంత్రం నమాజు కాగానే, హజ్రత్.”

ఆయన భుజం మీది రుమాలు తీసి నాలుగు మడతలు వేశాడు. జుబేర్ ముక్కూ నోరూ మూసేలా గట్టిగా కట్టాడు.

“ఇప్పుడు చెప్పు. చెప్తూ గుట్ట మీదికి పరిగెత్తు. దర్గా గడప తాకి రా.”

“ఇంట్లో కూడా ఇట్లా కట్టొచ్చా హజ్రత్?” అంది తహసీన్.

జుబేర్ పరిగెత్తాడు. మొదట ‘నశించాలి’ అని గట్టిగానే వినిపించింది. తర్వాత సగం మాట. ఆ తర్వాత ఏమీ లేదు. తిరిగి వచ్చేసరికి ముఖం కందిపోయింది. కళ్లు బైర్లు కమ్మాయి, మోకాళ్లు వణికాయి. అరుగు అంచున కూలబడి అలాగే బిగుసుకుపోయాడు.

బుర్హాన్ షా రుమాలు విప్పాడు.

“ఇది ఎవరి కుట్ర బేటా?”

జుబేర్ చూపు విప్పిన రుమాలు మీంచి లాప్‌టాప్ మీదికి పోయింది. ఊపిరి నిలకడైన తర్వాత లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. బోర్లించి, అడుగున గాలి పోయే సందుల మీద వేలితో రుద్దాడు. వేలు నల్లబడింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పాడు. ఫ్యాను రెక్కలకూ దాని పక్కనున్న రేకులకూ జిగటగా మసి పట్టి ఉంది.

తహసీన్ వంగి వాసన చూసింది. “సాంబ్రాణి.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తహసీన్ గెలవడం మొదలైనప్పటి నుంచి అమ్మీ ప్రతి గురువారం పొద్దుగూకగానే సాంబ్రాణి వేస్తోంది. పిల్లకు దిష్టి తీసి, ఆడుతున్న లాప్‌టాప్‌కు కూడా ఓపిగ్గా పొగ పడుతోంది.

జుబేర్ ముఖం మళ్లీ ఎర్రబడింది. “చూశారా హజ్రత్. మూఢనమ్మకాలు మన ఇళ్లలోనే...”

బుర్హాన్ షా గుప్పెడు దానిమ్మ గింజలు అతని నోట్లో పోశాడు.

“ముందు మసి తుడువు.”

నములుతూనే తుడిచాడు. మెత్తటి కుంచెతో, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కో రేకూ తెల్లబడేదాకా తుడిచాడు. మూత బిగించి, అక్కడే ఆట పెట్టి చూశారు. పక్క సందులోంచి వేడిగాలి జోరుగా బయటికి కొట్టింది. తెర వణకలేదు.

సాయంత్రం పోటీలో మొదటి నుంచి చివరిదాకా బొమ్మ ఎక్కడా ఆగలేదు. జట్టు పేర్లలో తన పేరు కనిపించగానే తహసీన్ బల్ల మీద తల వాల్చి నవ్వింది, ఏడ్చింది. జుబేర్ గోడకు చేరగిలబడ్డాడు. వారం రోజుల బరువు ఒంటి మీంచి దిగిపోయింది.

అమ్మీ వంటింట్లోంచి నిప్పుల పళ్లెంతో వచ్చింది. పొగ గుప్పుమంది.

“ఊరి కళ్లన్నీ ఇప్పుడు దీని మీదే” అంటూ బల్ల వైపు నడిచింది.

జుబేర్ నోరు తెరిచాడు. తహసీన్ భయంగా అతని వైపు చూసింది.

అతను నోరు మూసుకున్నాడు. లేచి లాప్‌టాప్ మూసి, పక్క గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. చెల్లెలి పక్కన కూర్చుని తల వంచాడు.

“నాకు పట్టు, అమ్మీ.”