ఉడుత పడవకు కొత్త చుక్కాని

అనగనగా ఏరు సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేది. అందులో ఒక ఉడుత, ఒక వడ్రంగిపిట్ట వదినా మరదళ్ల వరసలో కలిసిమెలిసి ఉండేవి. పాముల భయానికి ఉడుత తన రెండు పిల్లల్నీ ఏటి నడుమ లంకలో దాచుకుంది. రోజూ చిన్న తెరచాప పడవలో వాటికి తిండి తీసుకెళ్లేది.

ఒకనాడు పడవ చుక్కాని పుచ్చి ఊడిపోయింది. వడ్రంగిపిట్ట గట్టి తుమ్మచెక్క ఏరి, నీళ్లలోకి బాగా దిగేలా కొత్తది చెక్కి బిగించింది. పేరుకు తగ్గ పనిమంతురాలు మరి.

మర్నాడే ఉడుత వచ్చింది.

"వదినా, చుక్కాని ఒడ్డు దగ్గర ఇసుకలో దిగబడుతోంది. కాస్త తగ్గించు."

"పొడుగు లేకపోతే గాలికి పడవ మాట వినదమ్మా," అంది పిట్ట.

ఉడుత మొహం ముడుచుకుంది. "రోజూ తిప్పేది నేను. నా కష్టం నీకేం తెలుసులే."

పిట్ట మనసు చివుక్కుమంది. కొంచెం తగ్గించింది.

ఇంకోసారి నాచు చుట్టుకుంటోందని వచ్చింది. పిట్ట నోరు తెరవబోయి మళ్లీ మూసుకుంది. ఇంకాస్త చెక్కేసింది. మూడోసారి చేతులు నొప్పెడుతున్నాయంది. "ఇక వద్దు" అనాలి పిట్ట. అనలేదు. "సరే, నీ ఇష్టం" అని అదీ చెక్కేసింది.

"మా వదిన బంగారం," అంది ఉడుత. చూశారా పిల్లలూ, ఆ ఒక్క మెచ్చుకోలుకి పిట్ట ఎంత పొంగిపోయిందో.

ఒక సాయంత్రం ఉడుత బాదంకాయలు వేసుకుని బయల్దేరింది. ఏటి నడుమకి వచ్చేసరికి గాలి తిరిగింది. నీరు సముద్రం వైపు లాగుతోంది. వడ్రంగిపిట్ట ఎగురుకుంటూ వచ్చి, "లంక వైపు తిప్పు, లంక వైపు తిప్పు," అని అరిచింది.

"తిప్పుతూనే ఉన్నాను వదినా. చుక్కాని తిరుగుతోంది, పడవే తిరగడం లేదు."

ఉడుత తెరచాప దించింది. అయినా నీరు వదల్లేదు. పిట్ట పడవ తాడును ముక్కున కరచుకుని లంక వైపు లాగింది. పిట్ట బలమెంత, ఏటి బలమెంత.

"పిల్లలు ఆకలితో ఉంటాయి వదినా," అంది ఉడుత. అదే చివరి మాట. సముద్రపు మొదటి కెరటానికే పడవ బోల్తా పడింది.

ఇప్పుడు లంకకి తిండి మోసేది వడ్రంగిపిట్టే.

"అమ్మ పడవకి ఏమైంది అత్తా?" అని ఒకరోజు పిల్లలు అడిగాయి.

"చుక్కాని పొట్టిదైపోయింది నాన్నా."

"మరి నువ్వు చెప్పలేదా?"

పిట్ట చాలాసేపు ఏడ్చింది.

నీతి: మనవాళ్ల మొహం చిన్నబోతుందని తప్పుకి తల ఊపితే, ఆ తప్పు మనవాళ్లనే తీసుకుపోతుంది.