పిట్టలకొండ మీద మొదటి ముద్ద

అనగనగా సముద్రపుటంచున రేవుకోట. ఆ కోటకి సాగరకేతు అని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భీమకేతు, నడిమివాడు సోమకేతు, చిన్నవాడు మకరందుడు. ఇది చిన్నవాడి కథ అని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు సగం విని లేచిపోయినవాళ్ళు. ఇది పెద్దవాడి కథ. కుదురుగా కూర్చుని వినండి.

ఆ రాజుగారింట్లో ఒక ఆచారం ఉంది. భోజనాల వేళ రాజు వేడి అన్నంలో నెయ్యి పోసి, మొదటి ముద్ద తన చేత్తో కలిపి, బిడ్డల్లో అందరికంటే చిన్నవాడికి పెడతాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టాలి. భీమకేతు పుట్టిన కొత్తలో ఆ ముద్ద భీమకేతుదే. రెండేళ్ళు తిన్నాడు. దాని రుచి నాలిక్కి పట్టే వేళకి సోమకేతుకి అన్నప్రాశన అయింది, ముద్ద అటు పోయింది. మరి రెండేళ్ళకి మకరందుడికి అన్నప్రాశన అయింది, ముద్ద ఇటు వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది. మకరందుడికి మీసాలు మొలిచినా ఇంట్లో చిన్నవాడు వాడే కదా!

సోమకేతు మర్చిపోయాడు. భీమకేతు మర్చిపోలేదు. తన విస్తట్లో పది వంటలున్నా వాడి కళ్ళు తమ్ముడి నోటి మీదే ఉండేవి. తను తిన్నదేమిటో ఏనాడూ చెప్పలేడు. తమ్ముడు తిన్నది మాత్రం మెతుకులతో సహా చెప్పగలడు.

అలా ఉండగా ఒక ఏడు రేవుకోట సముద్రంలో చేపలు మాయమైపోయాయి. వల వేస్తే నాచు, గాలం వేస్తే గవ్వ. పల్లెల్లో పొయ్యిలు ఆరిపోయాయి. ఏమిటా అని కనుక్కుంటే, ఏడు సముద్రాలకి ఉత్తరాన హిమదంష్ట్రుడు అనే మాంత్రికుడు చేపలన్నిటినీ తన దీవులకి తోలుకుపోయాడని తెలిసింది.

"తినడానికా?" అన్నాడు రాజు.

"వాడు చేప ముట్టడు మహాప్రభూ! ఇంకొకడు తింటుంటే చూడలేడు, అంతే" అన్నారు కబురు తెచ్చినవాళ్ళు.

రాజు కొడుకుల్ని పిలిచి, "చేపల్ని తెచ్చినవాడికి నా సింహాసనం" అన్నాడు. ముగ్గురూ బయలుదేరారు. వాళ్ళ ఓడకి దానయ్య అని ముసలి సరంగు. ముప్పై ఏళ్ళు చుక్కాని పట్టిన చెయ్యి వాడిది.

ఒక సముద్రం దాటారు, నీళ్ళు నీలంగా ఉన్నాయి. మూడు సముద్రాలు దాటారు, నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఏడు సముద్రాలు దాటారు, నీళ్ళ మీద మంచుగడ్డలు పెరుగులో మీగడలా తేలుతున్నాయి. రోజూ వంట కాగానే దానయ్య మొదటి ముద్ద గాల్లోకి విసిరేవాడు. పిట్టలు అందుకునేవి.

"రాజకుమారులు తినక ముందు పిట్టలకా?" అని భీమకేతు గుడ్లురిమాడు.

"ఇది ఓడ ఆచారం పెద్దదొరా! నేలెక్కడుందో మనకి తెలీదు, వాటికి తెలుసు. దారి చెప్పేవాడికి ముందు పెట్టాల. కోటలో మీ ఆచారం, నీళ్ళ మీద నాది" అన్నాడు దానయ్య.

'ఇక్కడ కూడా నాకు కాదన్నమాట మొదటి ముద్ద' అనుకున్నాడు భీమకేతు.

మొదట రాళ్ళదీవి వచ్చింది. నిటారుగా లేచిన బండల మీద అరలు అరలుగా తెల్లపిట్టలు కూర్చున్నాయి. అంగట్లో పేర్చిన గిన్నెల్లా ఉన్నాయి. మకరందుడు ఓడ ముక్కు మీదికెక్కి, "అన్నయ్యా, అదిగో చూడు! ఆ పిట్ట బాణంలా నీళ్ళలో పడింది! ఇదిగో, చేపతో లేచింది!" అని చప్పట్లు కొట్టాడు. సోమకేతు చూశాడు. దానయ్య చూశాడు. భీమకేతు పిట్టల్ని చూడలేదు. పిట్టల్ని చూస్తున్న తమ్ముణ్ణి చూశాడు. వాడికి అంత సంతోషం ఎందుకో, అది తనకెందుకు లేదో అని చూశాడు.

ఆ దీవి దగ్గర పాత వల ముక్కలో ఒక నీటికాకి చిక్కుకుని కొట్టుకుంటోంది. మకరందుడు దూకి దాన్ని విడిపించాడు. అది రెక్కలు దులుపుకుని, "చిన్నవాడా, నీ మేలు మరవను" అని వాడి భుజమ్మీద కూర్చుంది. తర్వాత భీమకేతుని ఎగాదిగా చూసి, "ఈయనకి కడుపునొప్పా?" అంది.

"మా అన్నయ్య ముఖమే అంత" అన్నాడు మకరందుడు.

అందరూ నవ్వారు. భీమకేతు ఆ నవ్వుని మూట కట్టి దాచుకున్నాడు.

తర్వాత పొగమంచుదీవి వచ్చింది. అక్కడి పిట్టలు పొట్టివి. నల్లకోటు వేసుకుని, ముక్కుకి పసుపూ కుంకుమా పూసుకున్నట్టుంటాయి. పెళ్ళిపెద్దల్లా వరస కట్టి నడుస్తాయి. మకరందుడు నవ్వి నవ్వి కింద పడ్డాడు. అందులో ఒక పిట్ట సరాసరి ఎగిరొచ్చి వాడి ఒళ్ళోనే వాలింది. ఓడలో ఒళ్ళు నాలుగున్నాయి. వాడి ఒళ్ళోనే ఎందుకు వాలాలి? భీమకేతు ఆ రోజు అన్నం తినలేదు.

ఆఖర్న పిట్టలకొండ వచ్చింది. సముద్రంలోంచి ఒక్కటే కొండ, దాని మీద లక్షల పిట్టలు. అన్నీ తెల్లవే, అన్నిటికీ నల్లటోపీయే. కొండ కింద ఒడ్డున ఒక అమ్మాయి బట్టలు ఉతుకుతోంది. కాలికి వెండి గొలుసు, గొలుసు రెండో కొస బండకి. ఆమె హిమదంష్ట్రుడు ఎత్తుకొచ్చిన ఉత్తరదేశపు రాజు కూతురు తరంగిణి. ఓడని చూసి లేచింది. నవ్వింది. ఆ నవ్వు మకరందుడి వైపు. ముందు నిలబడ్డది వాడే మరి.

"హిమదంష్ట్రుడు పొద్దెక్కేదాకా నిద్ర లేవడు, నెమ్మదిగా మాట్లాడండి" అంది తరంగిణి. "వాడి ప్రాణం ఈ కొండ మీద ఒక పిట్టలో ఉంది. దాని మెడ పట్టుకుంటే వాడు మీకు దొరికినట్టే. కానీ వేరే పిట్ట మెడ పట్టుకున్నవాళ్ళు పిట్టలైపోతారు. ఈ కొండ మీద సగం పిట్టలు అలా వచ్చినవాళ్ళే."

నీటికాకి, "రెక్కలు చూస్తే దొరకదు, చూపు చూస్తే దొరుకుతుంది. నాకు తెలిసింది అంతే" అంది.

అప్పుడు భీమకేతుకి ఒక ఆలోచన వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడు వెనక్కి తగ్గి, "తమ్ముళ్ళూ, మీరు వెళ్ళండి ముందు" అన్నాడు.

దానయ్య చుక్కాని దగ్గర్నించి, "నీళ్ళు తాగడానికైనా ముందుండే పెద్దదొర ఈవేళ వెనకున్నాడేంటో!" అని గొణిగాడు.

మొదటి పొద్దున సోమకేతు కొండెక్కాడు. 'మాంత్రికుడంతటి వాడి ప్రాణం అన్నిటికంటే పెద్ద పిట్టలో ఉంటుంది' అనుకుని అన్నిటికంటే పెద్దదాని మెడ పట్టుకున్నాడు. రెక్కలు మొలిచాయి. పిట్టైపోయాడు.

రెండో పొద్దున మకరందుడు బయలుదేరాడు. "అన్నయ్యా, నేను రాకపోతే నాన్నగారి దగ్గర నువ్వుంటావు కదా, నాకు బెంగ లేదు" అన్నాడు. భీమకేతు సముద్రం వైపు చూస్తూ తలూపాడు. మకరందుడు చూపులన్నీ వెతికి, నిప్పుకణికల్లాంటి కళ్ళున్న ఒక పిట్ట మెడ పట్టుకున్నాడు. పాపం, అది పిల్లల తల్లి. గూటికి కాపలా కాస్తోంది, అందుకే ఆ కోపం. మకరందుడికీ రెక్కలు మొలిచాయి.

మూడో పొద్దున భీమకేతు, "సరంగూ, తెరచాప ఎత్తు. ఇంటికి పోదాం" అన్నాడు.

"చేపలు?"

"దొరకలేదని చెబుతాను."

"తమ్ముళ్ళు?"

భీమకేతు తనే వెళ్ళి తెరచాప తాడు పట్టుకున్నాడు. ఇక ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఎవరు? అందరికంటే పెద్దవాడు ఎవరు? ఒక్కడే. వేడన్నం, నెయ్యి, నాన్న చెయ్యి, అన్నీ కళ్ళకి కట్టాయి. నీటికాకి ఓడ అంచున కూర్చుని వాణ్ణే చూసింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"కూడు కుడిచి పోదాం" అని దానయ్య అన్నం వండి, మొదటి ముద్ద గాల్లోకి విసిరాడు. వందల పిట్టలు దిగాయి. అందులో ఒక పిట్ట చేప పట్టి, భీమకేతు కాళ్ళ దగ్గర వాలి, చేపని ముక్కుతో రెండు చేసింది. పెద్ద ముక్క వాడి వైపు తోసి, చిన్నది తను ఉంచుకుంది. చిన్నప్పుడు జామకాయ దొరికితే మకరందుడు ఇలాగే చేసేవాడు. పెద్ద ముక్క అన్నయ్యకి, చిన్నది తనకి. ఆ సంగతి భీమకేతు లెక్కలో ఎప్పుడూ లేదు. మెతుకులు గుర్తున్నాయి గాని జామకాయ గుర్తు లేదు.

వాడు ఆ ముక్క కోసం చెయ్యి చాచాడు. ఇంతలో ఇంకో పిట్ట రివ్వున వచ్చి ఆ పెద్ద ముక్క ఎగరేసుకుపోయింది. తినలేదు. నీళ్ళలో పారేసింది. వెళ్ళి ఒక బండ మీద కూర్చుంది.

భీమకేతు దాన్నే చూశాడు. కొండ మీద లక్షల పిట్టలూ సముద్రం వైపు చూస్తున్నాయి. ఆ ఒక్కటీ సముద్రం చూడటం లేదు. పక్కపిట్ట నోటి వైపు చూస్తోంది. పక్కదానికి చేప దొరికితే లాక్కుంటుంది, పారేస్తుంది, మళ్ళీ ఇంకోదాని నోటి వైపు చూస్తుంది.

ఆ చూపు వాడికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"అదే!" అని లేచాడు.

"పరుగెత్తకు, ఎగిరిపోతుంది" అంది నీటికాకి, మూడు రోజులకి నోరు తెరిచి. "చేప ఎర వేస్తావా?"

"చేపకి రాదు" అన్నాడు భీమకేతు. "ఇంకొకళ్ళకి పెట్టే చేపకి వస్తుంది. నాకు తెలుసు."

వేడన్నంలో ఉన్న నెయ్యంతా పోసి ముద్ద కలిపాడు. కింద కూర్చుని, తమ్ముడి పిట్టని దగ్గరికి పిలిచి, మెడకి చెయ్యి తగలకుండా వీపు నిమిరాడు. "మా చిన్నోడా, మా బంగారమా! అందరికంటే ముందు నీకే ముద్ద!" అన్నాడు. ఏ మాటలు వింటే చెవుల్లో సీసం పోసినట్టుండేదో ఆ మాటలే అన్నాడు. నాన్న గొంతుతో అన్నాడు.

బండ మీద పిట్ట మెడ సాచింది. ఒక అడుగు వేసింది. ఆగలేకపోయింది. రివ్వున వచ్చి, ముద్దనే కాదు, ఒడినే లాక్కోబోయింది. భీమకేతు దాని మెడ దొరకబుచ్చుకున్నాడు. రెక్కలు మొలవలేదు!

కొండ అదిరింది. హిమదంష్ట్రుడు గెడ్డంలోంచి మంచు రాలుస్తూ దొర్లుకుంటూ వచ్చాడు.

"ఆగు రాజకుమారా! నీ మనసు నాకు తెలుసు. నన్ను వదిలెయ్. చేపలు తీసుకుపో. నీ తమ్ముళ్ళు పిట్టలుగానే ఉంటారు. రాజ్యం నీదే, ముద్దా నీదే. ఎవరికీ తెలీదు!"

అబద్ధమెందుకు చెప్పాలి, భీమకేతు వెంటనే వద్దనలేదు. ఒక్క క్షణం నిలబడిపోయాడు. అప్పుడు భీమకేతుకి చేతిలో పిట్ట బరువు తెలిసింది. బరువే లేదు. ఈకలు ఊదితే లోపల గుప్పెడు ఎముకలు. వెయ్యి పిట్టల కూడు లాక్కుంది, ఒక్క మెతుకు ఒంట పట్టలేదు.

"ఓరి నీ బతుకు చెడ!" అన్నాడు భీమకేతు. ఎవరినన్నాడో మరి! మెడ పుటుక్కున విరిచేశాడు.

హిమదంష్ట్రుడు మంచులా కరిగి నీళ్ళలో కలిసిపోయాడు. తరంగిణి కాలి గొలుసు తెగింది. కొండ మీద సగం పిట్టలు మనుషులై, ఎవరు ఎవరో తెలీక ఒకరి మీద ఒకరు పడ్డారు. సోమకేతు వచ్చాడు. మకరందుడు పరుగున వచ్చి, "అన్నయ్యా, ముద్దలో ఉప్పు వెయ్యలేదు" అన్నాడు.

"తిన్నదే కాక వంకలా!" అని వాడి నెత్తిన మొట్టి, గట్టిగా కౌగలించుకున్నాడు భీమకేతు. "వెధవా, నిన్ను వదిలేసి పోదామనుకున్నాను."

"తెలుసు. ఓడ మీద ఎగురుతూ విన్నాను" అన్నాడు మకరందుడు. "అందుకే పెద్ద ముక్క తెచ్చాను."

తరంగిణి భీమకేతు ముందుకొచ్చి నిలబడింది. ఈసారి నవ్వు వాడి వైపే. "అంతమంది వీరులు వచ్చారు. ఒక్కరికీ దొరకని పిట్ట మీకెలా దొరికింది?" అంది.

"చుట్టరికం ఉంది" అన్నాడు భీమకేతు తల గోక్కుంటూ. ఆమెకి అర్థం కాలేదు. దానయ్యకి అర్థమై పకపకా నవ్వాడు. ఈ నవ్వుని భీమకేతు మూట కట్టలేదు, తనూ కలిశాడు.

ఓడ తిరిగింది. దాని వెనకాల చేపలన్నీ సముద్రం మెరిసేలా మందలు మందలుగా కదిలాయి. వాటి పైన పిట్టలు. భీమకేతు ఓడ ముక్కు మీద కూర్చుని ఏడు సముద్రాలూ ఆ పిట్టల్నే చూశాడు. పొట్టిపిట్టల దీవి దగ్గర తమ్ముడి కంటే ఎక్కువ నవ్వాడు.

రేవుకోటలో పొయ్యిలు వెలిగాయి. పెద్దకొడుక్కి పట్టాభిషేకం, తరంగిణితో పెళ్ళి, ఒకే ముహూర్తానికి. పెళ్ళిభోజనంలో రాజు వేడన్నంలో నెయ్యి పోసి మొదటి ముద్ద కలిపాడు. భీమకేతు అలవాటుకొద్దీ మకరందుడి విస్తరి వైపు చూశాడు. నాన్న చెయ్యి అటు పోలేదు. తన ముందుకొచ్చి ఆగింది.

"నాన్నగారూ, ఆచారం?" అన్నాడు.

"ఆచారం మీ తాత పెట్టాడు, నేను తప్పిస్తున్నాను. నోరు తెరువు నాయనా! ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్నా నీ ఆకలి కనిపెట్టలేకపోయాను" అన్నాడు రాజు.

"అందులో సగం నాకు పెట్టరా?" అంది పక్కన కొత్తపెళ్ళికూతురు మెల్లగా.

పెట్టలేదండీ. మొత్తం తినేశాడు. వేళ్ళు కూడా నాకాడు. ఇరవై ఏళ్ళ ఆకలి మరి! రెండో ముద్ద తనే కలిపి ఆమెకి పెట్టాడు, మూడోది చిన్నతమ్ముడికి.

భీమకేతు అరవై ఏళ్ళు రాజ్యం ఏలాడు. రోజూ కోటగోడ మీద మొదటి ముద్ద పిట్టలకే. అప్పుడప్పుడు, అలవాటు చావక, కళ్ళు తమ్ముడి విస్తరి వైపు పోయేవి. పోతే మకరందుడు తన విస్తట్లో పెద్ద ముక్క తీసి అన్నగారి విస్తట్లో వేసేవాడు. రాజుగారు సిగ్గుపడి, తినేసేవారు.

కథ రేవు చేరింది. ఎవరి విస్తరి వాళ్ళు చూసుకుని అన్నాలు తినండి.